తూకాలాయన పథ్యం

తూకాలాయనకు కాదనడం రాదు. నలభై మూడేళ్ళ జీవితంలో అతను ఫలానా రోజున ఫలానావాళ్ళకి కాదన్నాడని చెప్పగలిగిన మనిషి ఒక్కడూ లేడు. అలాగని సంతోషంగా అవుననడమూ రాదు. ఏది అడిగినా ‘సరే’ అంటాడు. చదువు అయిపోయాక బావ వచ్చి, కాటాలు సరిచూసే కంపెనీలో ఖాళీ ఉంది, చేరతావా అంటే సరే అన్నాడు. ఇరవై ఏళ్ళయింది, ఇంకా అందులోనే ఉన్నాడు. అక్క ఏడు పెళ్ళి సంబంధాలు చూసింది. ఏడింటికీ సరే అన్నాడు. ఆ సరే విన్నాక అవతలివాళ్ళే ఒక్కొక్కరూ ఏదో వంక పెట్టుకుని తప్పుకున్నారు.

“వీడితో కన్నా గోడతో చెప్పుకోవడం నయం. గోడలకి చెవులైనా ఉంటాయంటారు,” అనేది అక్క.

పేరుకి అక్కే గానీ పెంచిందంతా ఆవిడే. అమ్మ పోయేటప్పటికి ఇతనికి తొమ్మిదేళ్ళు, ఆవిడకి పదిహేడు. వండి పెట్టింది, తల దువ్వింది, మాట వినకపోతే గరిట తిరగేసింది. పెళ్ళయి వెళ్ళేటప్పుడు బట్టల పెట్టెతోపాటు తమ్ముణ్ణీ వెంటబెట్టుకు వెళ్ళింది. బావ స్కూలు బస్సు డ్రైవరు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. వాళ్ళకి పిల్లలు పుట్టలేదు. ఇతను ఆ ఇంట్లోనే మీసాలు వచ్చేదాకా పెరిగి, ఉద్యోగం కుదిరాక రెండు వీధుల అవతల ఒక గది అద్దెకు తీసుకున్నాడు.

ఆ అక్కకి ఈ మధ్య కాలేయం చెడిపోయింది. కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, కాళ్ళు సన్నబడ్డాయి. మందులతో లాభం లేదని, ఎవరైనా దగ్గరివాళ్ళు తమ కాలేయంలో ముక్క ఇస్తే తప్ప బతకదని డాక్టర్లు తేల్చేశారు.

ఒక ఆదివారం పొద్దున్నే బావ అతని గదికి వచ్చాడు. మామూలుగా అయితే మెట్ల దగ్గర నుంచే మాట్లాడుతూ వచ్చే మనిషి, ఆ రోజు లోపలికొచ్చి కుర్చీలో కూర్చునేదాకా నోరు విప్పలేదు.

“ఏమయ్యా బావమరిదీ, నీ దగ్గర ఓ ముక్క కావాలయ్యా,” అన్నాడు చివరికి. “కోసినా మళ్ళీ పెరుగుతుందట, బల్లి తోకలాగ. డాక్టరమ్మ చెప్పింది. నాదిద్దామంటే నా రక్తం కలవలేదు. మీ పిన్ని కూతురు తనంతట తానే వచ్చి ఇస్తానంది. కానీ సొంత తమ్ముడు ఉండగా దాన్ని ఎందుకు కోయించాలి అంటుంది మీ అక్క. ఏమంటావు?”

“సరే బావా,” అన్నాడు.

బావ అంత మనిషీ టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇతను గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చి పక్కన నిలబడ్డాడు. తనకి కూడా ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాడు. ఏమీ అనిపించలేదు. బావ వెళ్ళాక గ్లాసు కడిగి బోర్లించాడు.

పరీక్షలన్నీ చేశారు. రక్తం కలిసింది, గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి. స్కానింగు దగ్గర బండి ఆగింది. డాక్టరమ్మ తెర అతని వైపు తిప్పి, బూడిదరంగు మచ్చలేవో చూపించింది.

“మీ కాలేయంలో మూడో వంతు కొవ్వే ఉందండీ. ఇలాంటిది తీసి పెడితే ఆవిడకీ ప్రమాదం, మీకూ ప్రమాదం. పది శాతం లోపుకి రావాలి. ఎనిమిది వారాలు టైము. అంతకు మించి ఆగడానికి మీ అక్కగారి ఒంట్లో ఓపిక లేదు.”

ఆ తర్వాత, ఇచ్చేవాళ్ళకి కూడా ఆపరేషన్‌లో కొద్దో గొప్పో ప్రమాదం ఉంటుందని, తక్కువే గానీ అసలు లేదని చెప్పలేమని, ఏమేం జరగవచ్చో వివరంగా రాసిన కాగితాలు అతని ముందు పెట్టింది. అన్నీ చదివాడు. నాలుగు చోట్ల సంతకం చేశాడు. అక్షరాలు ఎప్పటిలా గుండ్రంగానే వచ్చాయి.

పక్క గదిలో తిండి మేడమ్ ఉంది. ఎవరేం తినాలో చెప్పడమే ఆమె ఉద్యోగం. మనిషి సన్నం, మాట మాత్రం మహా ఘనం. వ్యవసాయం పుట్టకముందు మనిషి ఏం తిన్నాడో అది తింటే కొవ్వు దానంతటదే దిగిపోతుందని, దీన్ని పేలియో అంటారని చెప్పింది. అన్నం లేదు, రొట్టె లేదు. పాలు, పెరుగు, పంచదార అసలే లేవు. పప్పులు ముట్టుకోకూడదు. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, కాసిని పళ్ళు, బాదంపప్పు, జీడిపప్పు తినవచ్చు.

“పప్పులు వద్దన్నారు కదండీ?” అన్నాడు.

“అవి పప్పులు కావండీ.”

సరే అన్నాడు. ఇంకొక్క సంగతి అడిగాడు, అతనికి అది చాలా ఎక్కువ మాట్లాడటమే. “నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతానండీ. లాడ్జీల్లో వంటిల్లు ఉండదు, ఫ్రిజ్ ఉండదు.”

“రాతియుగంలో మాత్రం ఫ్రిజ్ ఉందా ఏమిటండీ,” అని ఆమె నవ్వి, రెండు వైపులా అచ్చు వేసిన కాగితం ఒకటి చేతికిచ్చింది. రాతియుగం వాడికి లాడ్జీ కూడా లేదని, పొద్దున తొమ్మిదింటికల్లా పిండిమిల్లు గేటు దగ్గర హాజరు కావలసిన ఖర్మ అంతకన్నా లేదని ఇద్దరికీ తోచలేదు.

సెలవు పెట్టి ఇంటిపట్టున ఉండి ఈ పథ్యమేదో చేయవచ్చు కదా అని మీరు అడుగుతారు. బావ కూడా అదే అడిగాడు. ఆపరేషన్ అయ్యాక రెండు నెలలు పనిలోకి వెళ్ళకూడదన్నారు. ఉన్న సెలవంతా ఆ రెండు నెలలకే అతుకులు వేసి సరిపెట్టాల్సి వచ్చింది. అందుకని అంతవరకూ తిరగక తప్పదు.

అతని పని మనకి చిన్నగా కనిపిస్తుంది గానీ దాని మర్యాద దానికుంది. కంపెనీ వ్యాను వెనక ఇరవై కిలోల ఇనుప తూకం రాళ్ళు పాతిక ఉంటాయి. ముందు సీటు పక్కన మెత్తటి గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో గ్రాము, అరగ్రాము దాకా చిన్న చిన్న తళతళలాడే రాళ్ళు ఉంటాయి. వాటిని చేత్తో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటినా బరువు మారుతుంది, అందుకని పట్టకారుతోనే తీయాలి. గోదాముకి వెళ్ళగానే మొదట ఫ్యాన్లు ఆపిస్తాడు. కాటా నేల మీద సమంగా కూర్చుందో లేదో చూస్తాడు. నడిమధ్య రాయి పెట్టి చూసి, తర్వాత నాలుగు మూలలా పెట్టి చూస్తాడు. ఏ మూల పెట్టినా ఒకే అంకె రావాలి. రాకపోతే అడుగు బిళ్ళ విప్పి సరిచేసి, మళ్ళీ మొదటి నుంచి. అంతా అయ్యాక సీలు వేసి, తేదీ రాసి, సంతకం పెడతాడు. ఇరవై ఏళ్ళలో అతను సీలు వేసిన కాటా తప్పు చూపిందని ఒక్క ఫిర్యాదు రాలేదు. ఊళ్ళూ ఫ్యాక్టరీలూ అతని అసలు పేరు ఎప్పుడో మర్చిపోయి తూకాలాయన అనే పిలుస్తాయి. అదీ అతనికి సరే.

మొదటి వారం కాగితంలో ఎలా ఉంటే అలా నడిచాడు. లాడ్జి గదుల్లో టీ కోసం పెట్టే కరెంటు కెటిల్‌లో గుడ్లు ఉడకబెట్టడం నేర్చుకున్నాడు. నీళ్ళు మరగగానే అది టక్కున ఆగిపోతుంది. మళ్ళీ మీట నొక్కాలి, మళ్ళీ ఆగుతుంది. అలా నాలుగుసార్లు నొక్కి, మూత పెట్టి పావుగంట వదిలేస్తే గుడ్డు గట్టిపడుతుంది. ఒక్కొక్కటి చిట్లి తెల్లసొన బయటికొచ్చి నురగ కట్టేది. అప్పుడు కెటిల్‌ని బాత్రూంలో సబ్బు పెట్టి మూడుసార్లు తోమేవాడు. క్యారెట్లు, దోసకాయలు ఆ కొళాయి కిందే కడిగి, జేబు చాకుతో కోసుకునేవాడు. రోడ్డు పక్క కొట్లో కాల్చిన కోడి కొంటే ఒక్క పూటలో అవగొట్టాల్సిందే. మిగిల్చి వ్యానులో పెడితే మర్నాడు మధ్యాహ్నానికి తలుపు తీయగానే తెలిసిపోతుంది. డబ్బా చేప ఒకటుంది, అది చెడిపోదు. కానీ మూత తీసిన గదిలో ఇంక పడుకోలేం.

ఒక లాడ్జి నడిపే ఆవిడ రెండో రోజు వచ్చి తలుపు కొట్టింది. పెద్దావిడ, చేతిలో తాళాల గుత్తి.

“ఏమనుకోకండి గానీ, ఈ గదిలో ఏం ఉడుకుతోందండీ?”

“గుడ్లండీ.”

“టీ కెటిల్‌లోనా?”

“కడిగే పెడుతున్నానండీ.”

ఆవిడ కెటిల్ తీసి లోపల చూసింది, వాసన చూసింది, కిటికీ గట్టు మీద వరసగా పెట్టిన దోసకాయలు చూసింది. “డాక్టరు చెప్పాడా?” అంది. తల ఊపాడు. “షుగరా, గుండెనా?” అంది.

“మా అక్కకి లివర్ ఇవ్వాలండీ.”

ఆవిడ కెటిల్‌ని రెండు చేతులతో, దేవుడి గదిలో చెంబు పెట్టినట్టు మెల్లిగా కింద పెట్టింది. “మీలాంటి తమ్ముడు ఉండాలంటే పెట్టి పుట్టాలి నాయనా,” అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తను కన్న పిల్లల్ని కాసేపు తిట్టుకుని వెళ్ళిపోయింది. అతను తలుపు వేసుకుని గుడ్డు పెంకు తీశాడు. ఆవిడ మెచ్చుకున్నదెవరినో, ఆ మనిషి ఈ గదిలో ఎక్కడున్నాడో అర్థం కాలేదు. ఉప్పు లేకుండా గుడ్డు తినేశాడు. ఉప్పు లేదన్న సంగతి కూడా తర్వాతే గమనించాడు.

రెండో వారానికి నోరు చవి చచ్చింది. ఆకలి లేదు, అయిష్టమూ లేదు. చేయి ముద్ద అందిస్తుంది, పళ్ళు నములుతాయి, గొంతు మింగుతుంది, వీటన్నిటి మధ్యలో అతను లేడు. ఒకరోజు నమలడం మొదలుపెట్టిన మాంసం ముక్కని అలాగే నోట్లో పెట్టుకుని ఇరవై కిలోమీటర్లు వ్యాను నడిపాడు. గుర్తొచ్చాక కిటికీలోంచి ఊసేశాడు.

ఆ సాయంత్రం పెట్రోలు బంకు పక్కన చిన్న కొట్లో ఖర్జూరాల పొట్లం కనిపించింది. రాతియుగం మనిషి ఖర్జూరాలు తినకుండా ఉంటాడా? చెట్టు మీదే ఎండి ఉంటాయి, రాల్చుకుని తినే ఉంటాడు. చెడిపోవు, వాసన రావు, ఉడకబెట్టక్కర్లేదు, కెటిల్ తోమక్కర్లేదు. వ్యానులో కూర్చుని ఒకటి నోట్లో వేసుకున్నాడు. పదిహేను రోజుల తర్వాత నాలుకకి ఒక రుచి తెలిసింది. ఇంకొకటి వేసుకున్నాడు. పొట్లం సగమయ్యేదాకా బండి స్టార్టు చేయలేదు.

తిండి మేడమ్ ఇచ్చిన కాగితంలో, రెండో వైపు అట్టడుగున, ఒక వాక్యం ఉంది. ఎండిన పళ్ళు రోజుకి రెండుకి మించి తినకూడదని, వాటిలో ఉన్న చక్కెరంతా నేరుగా కాలేయంలో కొవ్వుగా చేరుతుందని. అతను దాన్ని మొదటి రోజే చదివాడు. ఆ సాయంత్రం గదికి వెళ్ళాక మళ్ళీ తీసి చదివాడు. చదివి, కాగితం నాలుగు మడతలు పెట్టి సంచి అడుగున పెట్టాడు.

మర్నాటి నుంచి పొద్దున రెండు గుడ్లు, రాత్రికి ఓ దోసకాయ, మిగతా రోజంతా ఖర్జూరాలు. అవి దొరకని ఊళ్ళో ఎండుద్రాక్ష, లేకపోతే అంజీర్. లెక్కపెట్టుకోలేదు గానీ రోజుకి ముప్ఫై నలభై అయ్యేవి. మాంసం మానేశాడు, చేప మానేశాడు. కడుపులోకి వెళ్ళేదే తక్కువ కాబట్టి బరువు మాత్రం తగ్గడం మొదలుపెట్టింది.

ఈ బరువు దగ్గరే అందరూ కలిసి బోల్తాపడ్డారు. మామూలు మనిషి అయితే వారానికోసారి ఏదో మెషీన్ ఎక్కి దిగుతాడు. ఇతని చేతిలో పనే అది. ఏ ఊరు వెళ్ళినా, కాటా సరిచేసి సీలు వేశాక, చెప్పులు విడిచి తనే దాని మీద నిలబడేవాడు. బస్తాలు తూచే కాటా, పార్సిళ్ళు తూచే కాటా, సామాన్ల కాటా, ఏదైనా సరే. అప్పుడే తన చేత్తో సరిచూసిన కాటా కాబట్టి అబద్ధం చెప్పదు. పిండిమిల్లు సూపర్‌వైజరు అది చూసి నవ్వాడు.

“ఏంటి తూకాలాయనా, నిన్ను కూడా బస్తాల్లో కలిపి పంపించెయ్యమంటావా?”

“ఎనభై తొమ్మిది ఆరువందలు,” అన్నాడు ఇతను, అంకె చూసుకుని.

రోజూ ఆ అంకె అక్కకి ఫోన్ చేసి చెప్పేవాడు. మొదలుపెట్టిన రోజు తొంభై రెండు కిలోల నాలుగువందలు. అక్క మంచం పక్కన గోడకి తగిలించిన క్యాలెండర్‌లో, ఆ తేదీ గడిలోనే అంకె వేసుకునేది. బావ ఆ క్యాలెండర్ ఎవరొచ్చినా చూపించేవాడు. “చూడండి మా బావమరిది దీక్ష. ఊరూరూ తిరుగుతూ, వండిపెట్టే దిక్కు లేకుండా, రోజుకి పావు కిలో కరిగిస్తున్నాడు.” చుట్టాలు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. డాక్టరమ్మకి కూడా మధ్యలో ఒకసారి బావ ఫోన్ చేసి చెప్పాడు. చాలా మంచిదండీ, ఇలాగే కొనసాగించమనండి అంది ఆవిడ. ఏం తింటున్నాడని ఎవరూ అడగలేదు. తూకాల మనిషి తూకం చెబుతుంటే ఇంకేం అడుగుతారు?

అతను అబద్ధం చెప్పలేదు. చెప్పిన ప్రతి అంకే నిజం. ఫోన్ పెట్టేశాక ఆ నిజాన్ని పట్టుకుని కాసేపు కూర్చునేవాడు. తప్పు చేస్తున్నానని అనిపించాలి కదా అనుకునేవాడు. అనిపించేది కాదు. చేయి పొట్లం వైపు వెళ్ళేది.

ఆరో వారంలో అక్క గొంతు మారింది. రెండు మాటలకోసారి ఆగుతోంది.

“ఇవాళ ఎంతరా?”

“ఎనభై నాలుగు తొమ్మిదివందలు.”

“నీకు నీరసంగా లేదూ?”

“లేదక్కా.”

“నాకు తెలుసు నువ్వు చెప్పవని. చిన్నప్పుడు జ్వరం వస్తే కూడా చెప్పేవాడివి కాదు, చెయ్యి పెట్టి చూసుకోవాల్సి వచ్చేది.” ఆగి ఊపిరి తీసుకుంది. “ఇంకో రెండు వారాలు. ఓపిక పట్టు నాయనా.”

ఆ మధ్యాహ్నం ఒక మందుల ఫ్యాక్టరీలో అరగ్రాము రాయిని పట్టకారుతో తీస్తుండగా జారి నేల మీద పడింది. ఇరవై ఏళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. వంగి వెతికి, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టేశాడు. నేల మీద పడ్డ రాయిని ఇంక వాడకూడదు, కంపెనీకి పంపి సరిచూపించాలి. ఆ మాట కాగితం మీద రాసుకుని పెట్టెకి అతికించాడు. ఆ ఒక్క రాయి విషయంలో చూపిన నిజాయితీ తన విషయంలో కూడా చూపించాలని, పాపం, అతనికి తోచలేదు.

ఎనిమిది వారాలయ్యాయి. ఆస్పత్రి కాటా కూడా ఎనభై రెండు ఆరువందలే చూపించింది. పొద్దున్న అతని లెక్క కూడా అంతే. బావ అతని భుజం చరిచి, నర్సులందరికీ వినపడేలా, “పది కిలోలండీ! పది కిలోలు!” అన్నాడు. స్కానింగు గది బయట నిలబడి, ఆపరేషన్ రోజున స్కూలు బస్సు ఎవరికి అప్పజెప్పాలో కూడా ఫోన్లో మాట్లాడేసుకున్నాడు.

డాక్టరమ్మ తెర వైపు చాలాసేపు చూసింది. మొదటి స్కానింగు పక్కనే తెరిచి, రెండూ మార్చి మార్చి చూసింది.

“ఇరవై ఆరు శాతం ఉందండీ,” అంది.

“అంటే తగ్గినట్టే కదండీ?” అన్నాడు బావ.

“ముప్ఫై మూడు నుంచి ఇరవై ఆరు. పది కిలోలు తగ్గిన మనిషికి పదికి దిగాలండీ. తగ్గింది చాలావరకు కండ.” ఆవిడ కుర్చీ ఇతని వైపు తిప్పింది. “మీరు రోజూ ఏం తింటున్నారో చెప్పండి.”

చెప్పాడు. గుడ్లు, దోసకాయలు, ఖర్జూరాలు.

“ఖర్జూరాలు ఎన్ని?”

“ముప్ఫై. ఒక్కోరోజు నలభై.”

ఆవిడ కలం మూత పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేదని బావకి అనిపించి ఉంటుంది. ఎండిన పళ్ళు రెండుకి మించొద్దని తిండి మేడమ్ కాగితంలోనే ఉందని గుర్తుచేసి, ఆవిడ క్లుప్తంగా చెప్పింది. కాలేయానికి కావలసింది బరువు తగ్గడం కాదు, చక్కెర ఆగడం. ఇంకో మూడు వారాలు. ఒక్క తీపి ముక్క ముట్టకుండా, మాంసం, గుడ్లు, కూరగాయలు కడుపు నిండా తింటే దిగే అవకాశం ఉంది. అదీ అక్క ఆ మూడు వారాలు ఆగగలిగితేనే.

“ఆగగలదాండీ?” అన్నాడు బావ.

“చెప్పలేను,” అంది డాక్టరమ్మ.

ఇంటికి బావే బండి నడిపాడు. సిగ్నళ్ళ దగ్గర ఎప్పటికన్నా నెమ్మదిగా ఆపాడు. ఇంట్లోకి వెళ్ళి మంచం దగ్గర వంగి జరిగిందంతా చెప్పాడు, తమ్ముడి మీద చాడీ చెబుతున్నట్టు కాకుండా చెప్పడానికి చాలా అవస్థపడ్డాడు. అక్క విని, “కాసేపు బయట కూర్చోండి,” అంది భర్తతో. ఆయన వెళ్ళి వీధి మెట్ల మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి మంచం దాకా వచ్చింది. అక్క చేతులు దుప్పటి మీద పెట్టుకుని ఉంది. గోళ్ళు కూడా పసుపురంగు తిరిగాయి. అతను గుమ్మం పక్కనే నిలబడ్డాడు.

“ఇలా దగ్గరికి రా. ఆ కాగితంలో తినొద్దని ఉందటగా. చదివావా?”

“చదివాను.”

“చదివే తిన్నావా?”

“తిన్నాను.”

“ఎందుకురా?”

అతను వెతుక్కున్నాడు. ఇన్నాళ్ళూ వెతకనిది ఇప్పుడెక్కడ దొరుకుతుంది? “తెలీదక్కా.”

అక్క కళ్ళు మూసుకుంది. “ఇవ్వడం నీకు ఇష్టం లేదని ఆ ఆదివారమే ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది కదరా. పిన్ని కూతురు ఇస్తానని తనే వచ్చింది. నేనే వద్దన్నాను, మా వాడున్నాడన్నాను. ఇప్పుడు దానికి రెండో నెల. ఇంక దాన్ని అడగడానికి లేదు.”

ఈ సంగతి అతనికి తెలియదు. చెవుల్లో పడ్డాక లోపలికి దిగడానికి కొంచెం టైము పట్టింది. దిగాక, ఎనిమిది వారాలుగా ఎక్కడో తాళం పడి ఉన్నదేదో ఊడింది.

“భయమేసిందేమో అక్కా.”

“ఏమో ఏంటి? వేసిందా, లేదా?”

“వేసింది.” అన్నాక ఆగలేకపోయాడు. “ఆ కాగితాల మీద సంతకం పెట్టినప్పుడే వేసింది. కోస్తారంటే భయం. మళ్ళీ లేవనేమోనని భయం. ఇప్పుడూ వేస్తోంది. నీ మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది.”

నలభై మూడేళ్ళలో అతను ఇన్ని మాటలు ఒక్కసారిగా ఎవరితోనూ అనలేదు. అనేసి, ఎదురుచూశాడు. దేనికి ఎదురుచూస్తున్నాడో అతనికి బాగా తెలుసు. ఉన్న ఒక్క రొట్టెనీ విరిచి పెద్ద ముక్క తమ్ముడి వైపు జరిపి, నాకు ఆకలి లేదులే అనే ఆ పదిహేడేళ్ళ పిల్ల ఇప్పుడు కూడా ఆ మాటే అంటుందని ఎదురుచూశాడు. భయమైతే వద్దులే నాన్నా, పోనీలే, నా రాత ఎలా ఉంటే అలా అవుతుంది అంటుందని. ఆ మాట కోసం అతని ఒళ్ళంతా చెవులైంది.

అక్క ఆ మాట అనలేదు. మోచేయి ఊతం చేసుకుని కొంచెం పైకి లేచింది. దానికే ఆయాసం వచ్చింది.

“రేపట్నుంచి నువ్వు ఏ ఊళ్ళో ఉన్నా, మూడు పూటలా నాకు ఫోన్ చెయ్యి. బరువు చెప్పకు, నాకక్కర్లేదు. ఏం తిన్నావో చెప్పు. భయమేస్తే అదీ చెప్పు, వింటాను. ఏడుస్తూ తింటావో, వణుకుతూ తింటావో, తిను. వణుకుతూనే వచ్చి ఆ బల్ల మీద పడుకో.” ఊపిరి అందక ఆగి, అతని మణికట్టు పట్టుకుంది. పట్టులో బలం లేదు. “నిన్ను వదిలేసేంత మంచిదాన్ని కాదురా నేను. నాకు బతకాలనుంది.”

అతను మంచం అంచు మీద కూర్చున్నాడు. భయం పోలేదు, మణికట్టు మాత్రం వెనక్కి తీసుకోలేదు.